రాయకోట మీదుగా కృష్ణగిరికి

ఇటలీ దేశంలో ఓర్వియేటో, అసీసీ వంటి వూళ్ళు కొండమీదనే వెలిశాయి. భార్యాభర్తలు కారులో ఒక వూరినుంచి మరొక వూరికి తీరుబడిగా తిరగడం అక్కడొక వేడుక. మన హోసూరు, కృష్ణగిరి సీమలోనూ కొండలకు కొదవ లేదు. తేడా ఒక్కటే: అక్కడ సంసారాలూ కొండమీదనే, మనకు దేవుడూ కోటా పైన, సంతా సంసారమూ కింద.

ఇరవై యేళ్ళ కాపురంలో పెళ్ళిళ్ళకూ పరామర్శలకూ తప్ప మా యింటావిడా నేనూ కలిసి గడప దాటినది లేదు. ఒక ఆదివారం తమ్ముడి కారు అడిగి తీసుకొని బయలుదేరాము. జాతీయ రహదారిమీద కృష్ణగిరి సుమారు యాభై కిలోమీటర్లు. ఏమీ చూడకుండానే గంటలో చేరవచ్చు. మేము చంద్రచూడేశ్వరుని కొండకు నమస్కరించి, ఉద్దనపల్లి, రాయకోటల మీదుగా చుట్టుదారి పట్టాము.

రాయకోట దుర్గాన్ని 1791లో టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధంలో ఇంగ్లీషువారు పట్టుకున్నారు. మరుసటి యేటి సంధితో బారామహల్ వారి వశమైంది. రీడ్ దొర కింద పనిచేస్తూ మన్రో రైతువారీ పద్ధతిలో చేయి తిరిగినది ఈ బారామహల్‌లోనే. 1800లో దత్తమండలాలకు కలెక్టరుగా వెళ్ళాడు. రాయలసీమలో చుట్టాలున్నవారికి ఆ పేరు కొత్త కాదు.

సగం మెట్లెక్కేసరికి ఆమెకు మోకాళ్ళు పట్టాయి. "మీరు పోయి రండి, నేనిక్కడ కూర్చుంటాను" అన్నది. ఒంటరిగా శిఖరం చూచి ఏం లాభం? నేనూ కూర్చున్నాను. కింద పచ్చని పొలాలు, రాతిగుట్టలు, ఎర్రమట్టి. చాలాసేపు ఇద్దరమూ మాట్లాడలేదు. అది కోపపు మౌనం కాదు.

దిగి వచ్చి టొమాటోలు బేరమాడుతుండగా అమ్మే అవ్వ తెలుగులోనే, "ఏ వూరమ్మా మీది?" అన్నది. "ఇంట్లో పిల్లలకూ తెలుగేనా అవ్వా?" అని ఈమె అడిగింది. "మాటకు తెలుగే తల్లీ, రాతకు అరవం" అన్నదా అవ్వ.

కృష్ణగిరి దగ్గర ఆనకట్ట కామరాజు ముఖ్యమంత్రిగా ఉండగా పూర్తయినది. అందులో నిలిచినది దక్షిణ పినాకిని. నందికొండల్లో పుట్టిన అక్కచెల్లెళ్ళలో ఉత్తర పినాకిని నెల్లూరు ముఖం పట్టింది. ఈమె మన హోసూరు పక్కగా వచ్చి కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. దారులు వేరైనా పేరు ఒకటే.

సోదరీ సోదరులారా! తమిళం మన పిల్లలకు బ్రతుకుతెరువు. దానిని చక్కగా నేర్వవలసినదే. ఇంటిభాషకు అక్షరం నేర్పడం మాత్రం ఇంటివారి పని. ఈసారి చుట్టుదారిన బయలుదేరితే పిల్లలను వెనుక సీటులో కూర్చోబెట్టి, వచ్చే వూళ్ళ పేర్లన్నీ తెలుగులో వ్రాయించండి. హోసూరు, ఉద్దనపల్లి, రాయకోట, కృష్ణగిరి. నాలుగు పేర్లతో అక్షరమాలలో కొంత వచ్చేస్తుంది. మిగిలినదానికి మరొక ఆదివారం!