ఫార్మాట్ కొట్టే ముందు...

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11కేమో టీపీఎం 2.0 కావాలిట. మనింట్లో పాత డబ్బాకైతే ఓ ఎస్ఎస్‌డీ తగిలించి లినక్స్ ఎక్కించేస్తాం, గొడవ వదిలిపోతుంది.

మరి విజయనగరంలో శుభలేఖలు కొట్టే డీటీపీ షాపాయన సంగతేంటి? ఆయన పనంతా 2001 నాటి పేజ్‌మేకర్ 7.0, అను ఫాంట్ల మీదే. అందులో దాచిన తెలుగు నిజానికి తెలుగు కాదు, వేరే కోడ్లకి తొడిగిన తెలుగు ముసుగు. ఆ ఫాంట్ లేని సిస్టంలో తెరిస్తే అంతా పిచ్చిగీతలే. అప్‌గ్రేడ్ అంటే ఆయన భయపడ్డంలో తప్పేముంది?

"కొత్తది కొనెయ్యండి" అని సలహా పారెయ్యడం తేలిక (సెలవులకి ఊరెళ్ళి మనం చేసేదదేగా :)). దానికి బదులు ఓ పూట కూర్చుని ఆ ఫైళ్ళు యూనికోడ్‌లోకి మార్చిపెట్టొచ్చు. కన్వర్టర్లు ఒత్తుల దగ్గర తడబడతాయి, చూసుకోవాలి. అంతవరకూ పాత హార్డ్‌డిస్క్ జోలికి ఎవర్నీ వెళ్ళనివ్వకండి.