ఊరు అక్కడే... జిల్లాలే మారాయి!

ద్రాక్షారామంలో ఏ పాత ఇంట్లోనైనా ట్రంకుపెట్టె తెరిచి చూడండి. తాతగారి దస్తావేజు మీద ‘రామచంద్రపురం తాలూకా, గోదావరి జిల్లా’ అని ఉంటుంది. నాన్నగారి కాగితాల్లో ‘తూర్పుగోదావరి జిల్లా’. మనవడి ధ్రువపత్రంలో ఇంకో పేరు. ఊరు మాత్రం అంగుళం కదల్లేదు!

కాకినాడ కేంద్రంగా గోదావరి జిల్లా ఏర్పడింది 1859లో. 1925లో పశ్చిమగోదావరి పుట్టడంతో ఇది తూర్పుగోదావరి అయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2022 ఏప్రిల్ 4న రామచంద్రపురం మండలంతోపాటు ద్రాక్షారామం కోనసీమ జిల్లాలో చేరింది. ఊళ్లోవాళ్లకు ఇది పేరు మారడం ఒక్కటే కాదు. ఏ పని మీద ఏ ఊరు బస్సెక్కాలన్నది కూడా మారిపోతుంది.

అసలు ఇక్కడి పాలన చరిత్ర చదవాలంటే కచేరీకి వెళ్లక్కర్లేదు, భీమేశ్వరుడి గుడికి వెళ్తే చాలు. తూర్పు చాళుక్యరాజు చాళుక్యభీముడు కట్టించాడని చెప్పే ఈ ఆలయంలో గోడల మీదా స్తంభాల మీదా వందలాది శాసనాలున్నాయి. చాళుక్యులు, చోళులు, వారి సామంతులు, అధికారులు... ఎవరు ఏ భూమి ఇచ్చారో, అఖండదీపానికి నెయ్యి ఎవరు తేవాలో, ఆ నెయ్యి కోసం పశువుల్ని ఎవరికి అప్పగించారో అన్నీ రాతి మీద రాసి పెట్టారు. చెదలు పట్టని దస్త్రమది! శ్రీనాథుడు ‘భీమేశ్వర పురాణం’ అంకితమిచ్చింది కూడా ఒక మంత్రికే... బెండపూడి అన్నయకు.

ఇక చూడాల్సినవి. పంచారామాల్లో ఒకటైన ఈ గుడిలో శివలింగం రెండంతస్తుల ఎత్తుంటుంది. కింద మూలం చూసి, మెట్లెక్కితే పైన అభిషేకం కనిపిస్తుంది. అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకరైన మాణిక్యాంబ ఇక్కడే కొలువై ఉంది. పక్కనే సప్తగోదావరి కుండం. ఊరికి డచ్చివారి జ్ఞాపకమూ ఉంది. 1675, 1728 నాటి వారి సమాధులున్న చోటుని జనం ‘ఒలాందు దిబ్బ’ అన్నారు. దగ్గర్లోనే గౌతమి ఒడ్డున కోటిపల్లి సోమేశ్వరాలయం. కాకినాడ నుంచి ద్రాక్షారామం మీదుగా కోటిపల్లికి 1928లో రైలుమార్గం వేశారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆ పట్టాలు పీకేశారు. మళ్లీ రైలు కూత వినడానికి 2004 దాకా ఆగాల్సి వచ్చింది.

కార్తీకమాసంలో వచ్చేవాళ్లు చాలామంది అయిదు ఆరామాలూ ఒక్కరోజులో చుట్టేయాలని పరుగులు పెడతారు. దర్శనం కాగానే బస్సు హారన్ మోగుతుంది. శాసనం చెక్కిన స్తంభానికే వీపు ఆనించి కాసేపు కూర్చుంటారు. కుంకుమ అంటిన వేళ్లు ఆ అక్షరాలకే తుడిచేసేవాళ్లూ ఉంటారు. తొమ్మిది వందల ఏళ్ల నాటి ఎండకీ వానకీ చెరగని అక్షరం మన చేతి జిడ్డుకి మాసిపోతే ఎంత నష్టం!

ఈసారి వెళ్తే ఓ పది నిమిషాలు ఎక్కువ ఉండండి. పిల్లల్ని గోడ దగ్గరికి తీసుకెళ్లి, తాకకుండా ఆ పాత తెలుగు లిపిలో ఒక్క అక్షరమైనా గుర్తుపట్టమనండి. జిల్లాల పేర్లు మళ్లీ మారితే మారనీ... ఆ అక్షరం గుర్తుంటే ఊరు గుర్తున్నట్టే.