వెనిగర్ పరీక్ష మన ఊరికి ఎప్పుడు?

మన దేశంలో స్త్రీలకు ఎక్కువగా వచ్చే కేన్సర్లలో మొదటిది రొమ్ము కేన్సర్, రెండవది గర్భాశయ ముఖద్వార కేన్సర్. 2022 అంచనాల ప్రకారం ఈ రెండవదానితోనే సుమారు 80 వేలమంది చనిపోయారు. నన్ను కలవరపెట్టేది ఏమిటంటే, ఇది ముదరడానికి ఏళ్ళు పట్టే జబ్బు. సంపన్న దేశాలు పరీక్షలతోనే దీన్ని ఏనాడో తగ్గించుకున్నాయి.

పరీక్ష ఖరీదైనదా అంటే, కాదు. పల్చటి వెనిగర్ పూస్తే తేడా ఉన్నచోట తెల్లబారుతుంది. ముంబయి బస్తీల్లో 1998లో మొదలైన అధ్యయనంలో పదో తరగతి చదివిన కార్యకర్తలే ఈ పరీక్ష చేశారు. దీనివల్ల మరణాలు 31 శాతం తగ్గాయని 2013లో తేలింది. (పోల్చి చూడటానికని దాదాపు సగంమంది స్త్రీలకు పరీక్ష చెయ్యకుండా వదిలేశారు. దాన్ని నేను సమర్థించలేను.) ఇదే జబ్బుకి 2009లో ఖమ్మం జిల్లాలో టీకా ప్రయోగం జరిగినప్పుడు చాలామంది బాలికల తరఫున హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. ప్రయోగాలకు దొరికే పేద స్త్రీలు ఫలితం పంచేటప్పుడు ఎందుకు కనబడరు?

30 నుంచి 65 ఏళ్ళ స్త్రీలకు అయిదేళ్ళకోసారి ఈ పరీక్ష చెయ్యాలని కేంద్రం 2016లో చెప్పింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30-49 ఏళ్ళవారిలో ఒక్కసారైనా పరీక్ష చేయించుకున్నవారు వందకి ఇద్దరు కూడా లేరు. ఆడవాళ్ళు సిగ్గుపడి రారంటారు. తెర కూడా లేని గదికి ఎవరొస్తారు? ఈ పరీక్ష ఏ రోజు చేస్తారో, తేడా కనబడితే ఎక్కడికి పంపుతారో మీ పి.హెచ్.సి.లో అడగండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.