హరితేంధనము – పల్లెల ప్రశ్న

మోటారుకార్లకు పెట్రోలు వాడుక తగ్గించి గాలిని కాపాడవలెనను సంకల్పము మెచ్చదగినది. కాని సంకల్పము మంచిదైనంత మాత్రమున ఫలమును మంచిదే యగునని నమ్మవచ్చునా? ఐరోపావారి అనుభవము ఈ విషయమున మనకు కనువిప్పు కావలెను.

అచట ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అను కార్లు విస్తారముగా వాడుకలోనికి వచ్చినవి. ఇవి కొంతదూరము నింపుకొనిన విద్యుత్తుతోను, ఆపై పెట్రోలుతోను నడచును. ప్రయోగశాలలో వీని పొగ అత్యల్పమని తేలెను. కాని 2021లో నమోదైన బండ్లు బాటమీద నిజముగా కాల్చిన ఇంధనమును లెక్కింపగా, ఇవి విడుచు బొగ్గుపులుసు గాలి ఆ లెక్కకు 3.5 రెట్లని 2024 మార్చిలో ఐరోపా కమిషను ప్రకటించినది. యజమానులు అనుకొన్నంత తరచుగా విద్యుత్తు నింపుట లేదు. బండిలోని మీటరే ఈ నిజమును బయటపెట్టినది.

మన దేశమున అట్టి కార్లు అరుదు; పెట్రోలులో ఇథనాలు కలుపుటయే మనవారు పట్టిన మార్గము. 2030 నాటికని పెట్టుకొన్న నూటికి 20 పాళ్ల గమ్యమును 2025లోనే చేరితిమని కేంద్రప్రభుత్వము చెప్పినది. ఇథనాలునకు చెఱకు, మొక్కజొన్న, బియ్యము కావలెను. వానికి నీరు కావలెను. పైగా లీటరుకు లీటరుగా చూచిన ఇథనాలు శక్తి పెట్రోలుకంటె ఇంచుమించు మూడవవంతు తక్కువ.

గద్వాల జిల్లా రాజోలి మండలమున, పెద్దధన్వాడ వద్ద ఇథనాలు కర్మాగారము తలపెట్టగా, తమ నీరును నేలయు చెడునని చుట్టుపట్ల రైతులు ఎదిరించిరి. 2025 జూనులో ఘర్షణ జరిగెను; రైతులు చెఱపాలైరి; వారిని బేడీలతో న్యాయస్థానమునకు కొనిపోయిరి. దౌర్జన్యమును మేము సమర్థింపము. కాని అన్నము పెట్టు చేతులకు బేడీలు తగిలించుట రైతు ప్రశ్నకు సమాధానము కాదు.

ఆ ప్రశ్న వినుటకు చోటేది? వ్యర్థజలము బయటికి విడువరాదను షరతుతో, పెట్రోలులో కలుపుటకే ఇథనాలు చేయు ధాన్యపు కర్మాగారములను కేంద్ర పర్యావరణశాఖ 2021లో బి-2 తరగతిలో చేర్చినది. ఆ తరగతికి బహిరంగ విచారణ అక్కరలేదు. అనగా కాగితముమీది వాగ్దానమును చూచి ఊరివారి నోరు మూసినట్లయినది. ప్రయోగశాల లెక్కను నమ్మి ఐరోపావారు మోసపోయిన తీరును ఇట్టిదే గదా!

వనపర్తి సంస్థానాధీశులు తమ చెఱువులకు సప్తసముద్రములని పేరుపెట్టుకొనిన సీమ యిది. నాగర్‌కర్నూలు పల్లెలనుండి నీరు లేకయే తరతరములుగా కూలీలు వలస పోయిరి. ఇట్టివారికి నీటి లెక్క చెప్పకుండ కర్మాగారము కట్టుట న్యాయమా?

మేము కోరునది స్వల్పము. కర్మాగారమునకు అనుమతి ఇచ్చుటకు ముందే ఆ ఊరిలో, తెలుగున, బహిరంగ విచారణ జరుగవలెను. నడచిన పిదప అది తోడు నీరును, విడుచు నీరును మీటరుతో కొలిచి ఆ లెక్కను పంచాయతి కార్యాలయమున దినదినము ప్రకటింపవలెను. అంతవరకు ఆ ఇంధనమునకు హరితమను బిరుదు ఈయరాదు. ప్రభుత్వము ఇప్పటికైనను ఆలోచించుగాక!