ఫారం నింపడానికీ తోడు కావాలి

బమ్రోలిలో మా నాన్నలు చాలామంది పవర్‌లూమ్ మగ్గాల మీద పనిచేస్తారు. ఇంట్లో కాలేజీ ఫారం నింపుతున్న మొదటివాళ్లం మేమే. అడుగుదామంటే తెలిసినవారు లేరు.

గుజరాత్ ప్రభుత్వ ‘ముఖ్యమంత్రి యువ స్వావలంబన్ యోజన’ కింద ఫీజు సాయానికి పన్నెండో తరగతిలో 80 పర్సంటైల్ రావాలి, కుటుంబ ఆదాయం ఏడాదికి 6 లక్షలు దాటకూడదు. 80 పర్సంటైల్ అంటే 80 శాతం మార్కులు కాదు. ఆ తేడా తెలియక మాలో కొందరు ‘మనకు రాదులే’ అని ముందే ఊరుకుంటున్నారు. ఆదాయ ధ్రువపత్రం కోసం తిరిగిన రోజు నాన్నకు కూలి పోతుంది.

ఫలితాలొచ్చాక పరుగులెందుకు? డిసెంబరులోనే ఒక శనివారం, పాసైన అన్నలు, అక్కలు బడికొచ్చి మా పక్కన కూర్చోవాలి. మరుసటి ఏడాది తమ్ముళ్లు, చెల్లెళ్ల పక్కన మేం కూర్చుంటాం.