ఎవరి అడుగు ఎంత?

పోయిన కృష్ణాష్టమినాడు వీధి గుమ్మం నుంచి దేవుడి గదిదాకా చిన్ని కృష్ణుడి పాదాలు వేస్తున్నాను. మీకు తెలిసిందే కదా! పిడికిలి బిగించి, చెయ్యి పక్కభాగాన్ని బియ్యప్పిండి నీళ్లలో ముంచి నేలమీద అద్దితే పాదం. పైన వేలికొసతో అయిదు చుక్కలు పెడితే వేళ్లు. మా అత్తయ్యగారు కుర్చీలో కూర్చుని, "వేళ్లు లోపలివైపు ఉండాలమ్మాయ్, బయటికి చూస్తే స్వామి వెళ్లిపోతున్నట్టు" అని జాగ్రత్తలు చెబుతున్నారు. సరిగ్గా అప్పుడే తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి ఓ కాగితం పట్టుకొచ్చింది. "అమ్మా, మన ఇంటి కార్బన్ ఫుట్‌ప్రింట్ లెక్కకట్టాలి. నువ్వు చెప్పు, నేను రాసుకుంటాను" అంది.

కాగితంలో పది ప్రశ్నలున్నాయి. గ్యాసు ఎన్నాళ్లొస్తుంది? కూరగాయలకు సంచి పట్టుకెళ్తారా, ప్లాస్టిక్ కవర్లు తెస్తారా? అన్నం మిగిలితే ఏం చేస్తారు? గిన్నెలు తోమడానికి ఎన్ని బకెట్ల నీళ్లు? ఇలా ఏడు ప్రశ్నలు వంటింటివే. మిగతా మూడూ కరెంటు, బండి, మొక్కలు. అన్నిటికీ పైన "మీ అమ్మగారిని అడిగి నింపండి" అని అచ్చువేసి ఉంది.

"నాన్నని ఏమీ అడగక్కర్లేదా?" అన్నాను.

"ఇందులో అలా లేదమ్మా" అంది అది, కాగితం వెనకా ముందూ తిప్పి చూసి.

ఆ మాట ఆరోజంతా నన్ను వదల్లేదు.

అడుగులంటే మనకి ముందు గుర్తొచ్చేది భక్తి. అమరావతి స్తూపం శిల్పాల్లో కొన్నిచోట్ల బుద్ధుణ్ణి మనిషిగా కాకుండా, చక్రం గుర్తున్న పాదాల జతగా చెక్కారు. తిరుమలలో నారాయణగిరి ఎక్కి శ్రీవారి పాదాలకు మొక్కి వస్తాం. లేపాక్షిలో రాతిమీదున్న పెద్ద పాదాన్ని సీతమ్మవారిదని చూపిస్తారు. దేవుడి అడుగు ఎక్కడ పడినా శుభమే. పరీక్షంతా కోడలి అడుగుకే! పెళ్లయిన ఏడాదిలో మగడికి ప్రమోషన్ వస్తే "పిల్ల కాలు పెట్టిన వేళ మంచిది" అంటారు. వ్యాపారంలో నష్టమొచ్చినా, ఇంట్లో ముసలాయన పోయినా అదే కాలిమీద నింద. ఆ నష్టం ఎందుకొచ్చిందో లెక్కల పుస్తకం తీసి చూసేవాళ్లు లేరు. నిజానికి అడుగుని చదవడమంటే అది కాదు.

అడుగుని ఎలా చదవాలో చెప్పే సంగతి ఒకటి ఈమధ్య చదివాను. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో వైట్ శాండ్స్ అనే చోటుంది. అక్కడ ఎప్పుడో ఎండిపోయిన చెరువు నేలలో పాతకాలపు అడుగుజాడలు ఉన్నాయి. అందులో ఒక బారు గురించి శాస్త్రవేత్తలు 2020లో వివరాలు ప్రచురించారు. కనీసం పదివేల ఏళ్ల కిందటి మాట. ఒక మనిషి బురదలో జారుతూ, వడివడిగా ఒకటిన్నర కిలోమీటరుకు పైగా నడిచి, మళ్లీ అదే దారిన తిరిగొచ్చారు. అడుగుల సైజును బట్టి అది ఒక యువతి కావచ్చు, ఎదిగే వయసు పిల్లాడూ కావచ్చు. వెళ్లేటప్పుడు అడుగులు ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. అక్కడక్కడ వాటి పక్కన మూడేళ్లలోపు బిడ్డ పాదాలు కనిపించి, మళ్లీ మాయమవుతాయి. అంటే బిడ్డని చంకనేసుకుని వెళ్లి, చెయ్యి నొప్పిపుట్టినప్పుడల్లా కిందకు దించి, సర్దుకుని మళ్లీ ఎత్తుకున్నారన్నమాట! తిరిగొచ్చేటప్పుడు మాత్రం బిడ్డ లేదు. వాళ్లు వెళ్లాక మామత్ అనే పెద్ద ఏనుగు, నేలమీద తిరిగే స్లోత్ అనే భారీ జంతువు ఆ దారిని దాటాయి. ఆ బిడ్డని ఎక్కడ అప్పగించి వచ్చిందో ఆ తల్లి అని నాకు రెండు రోజులు అదే ధ్యాస. తల్లే అని ఎవరూ చెప్పలేదు సుమండీ, నేననుకున్నాను! శాస్త్రవేత్తలు మాత్రం కొలిచి, లోతు చూసి, ఎంతవరకు తెలిసిందో అంతవరకే చెప్పారు.

తప్పు చదివితే ఏమవుతుందో కూడా మన దేశానికి అనుభవమే. చాలాకాలం మనవాళ్లు పులులను పాదముద్రలను బట్టి లెక్కపెట్టేవారు. 2005లో రాజస్థాన్‌లోని సరిస్కా అడవిలో చూస్తే, కాగితాల మీదున్న పులులు అడవిలో ఒక్కటీ లేవు. ఆ తర్వాత దేశమంతా కెమెరాలు పెట్టి లెక్కించే పద్ధతి వచ్చింది. తప్పు అడుగుది కాదు, చదివినవాళ్లది.

ఇక మా అమ్మాయి కాగితం సంగతికొస్తాను. మనిషి బతకడానికి ఎంత నేల, ఎంత నీరు కావాలో కొలిచే "పర్యావరణ పాదముద్ర" అనే ఆలోచనను 1990లలో కెనడాలో విలియం రీస్, ఆయన శిష్యుడు మాథిస్ వాకర్‌నాగెల్ రూపొందించారు. మనవల్ల గాలిలో కలిసే కార్బన్ డై ఆక్సైడ్ లాంటి వాయువుల లెక్కే కార్బన్ ఫుట్‌ప్రింట్. ఈ మాటను ఇంటింటికీ చేర్చినవాళ్లలో బీపీ అనే చమురు కంపెనీ ఒకటి. "మీ ఫుట్‌ప్రింట్ ఎంత?" అని 2005 ప్రాంతంలో ప్రకటనలిచ్చింది. చమురు అమ్మేవాళ్లు కొనేవాళ్లని లెక్క అడగడం ఎంత విడ్డూరమో చూడండి!

సరే, మా ఇంటి లెక్క మేమే వేశాం. గ్యాసు పుస్తకం, పెట్రోలు రసీదులు, కరెంటు బిల్లు బల్లమీద పరిచాం. 14.2 కిలోల సిలిండర్ మొత్తం కాలితే సుమారు 42 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ వస్తుంది. మాకు నలభై రోజులొస్తుంది కాబట్టి నెలకు 32 కిలోలు. అయిదుగురికి మూడు పూటలా వంట, కాఫీలు, టిఫిన్లు అన్నీ అందులోనే. లీటరు పెట్రోలుకు 2.3 కిలోలు. మావారి కారుకు నెలకు నలభై లీటర్లు, అంటే 92 కిలోలు. యూనిట్ కరెంటుకు మన దేశంలో సుమారు 0.7 కిలో. ఎండాకాలం ఏసీ రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే ఎనిమిది యూనిట్లు, నెలకు దాదాపు 170 కిలోలు! ఆ గదిలో నేనూ పడుకుంటాను, కాదనను. కానీ వంటింటి మీద ఏడు ప్రశ్నలు వేసిన కాగితంలో ఏసీ అన్న మాటే లేదు.

మన వైపు తప్పు లేదని కాదు. కిలో బియ్యం పండడానికి సుమారు 2,500 లీటర్ల నీళ్లు కావాలంటారు. నిలవనీటి వరిమళ్లలోంచి మీథేన్ కూడా వస్తుంది. అన్నం పారబోసే ఇల్లాలు ఆ నీళ్లనీ పారబోస్తున్నట్టే. పెళ్లిళ్లలో విస్తళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. అలాగే అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి ఒకసారి విమానంలో వెళ్లొస్తే మనిషికి టన్ను పైమాటే. అంటే ఇరవైకి పైగా సిలిండర్లు. వెళ్లొద్దని నేననను, పురిటికి తల్లి వెళ్లకపోతే ఎవరు వెళ్తారు? ఆ లెక్క కూడా తెలిసి ఉండాలంటున్నాను, అంతే.

మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమె రెండు కిలోమీటర్లు నడిచొస్తుంది. ఆమెకు ఏసీ లేదు, కారు లేదు. మే నెలలో రేకుల ఇంట్లో ఉడికిపోయేదీ, వానకు ఇంట్లోకి నీళ్లొస్తే రాత్రంతా ఎత్తిపోసేదీ ఆమే. ఏడాదికి అమెరికాలో సగటు మనిషి అడుగు దాదాపు 14 టన్నులైతే, మన దేశంలో రెండు టన్నుల చిల్లర. ఆ రెండులోనూ ఆమె వాటా ఎంతో, మన వాటా ఎంతో మీరే ఊహించండి.

మా అమ్మాయి కాగితం వెనక్కి తిప్పి వంట, కారు, ఏసీ అని మూడు గడులు గీసి అంకెలు రాసింది. మావారు కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, వారానికి రెండు రోజులు పక్క వీధి ఆఫీసు స్నేహితుడితో ఒకే కారులో వెళ్తానన్నారు. ఇప్పటికి ఒకరోజు మాత్రం జరుగుతోంది. ఏసీ 26 మీద పెట్టి ఫ్యాన్ వేస్తున్నాం. మిగిలిన అన్నం మర్నాడు పులిహోర.

సంచి పట్టుకెళ్లడం మానొద్దు. నీళ్లు పొదుపుగా వాడడం మన అమ్మలు నేర్పిన విద్యే. కానీ భూమిని కాపాడే నోముని కూడా ఇల్లాలి మెడకే చుడితే ఊరుకోకండి. ఈ ఆదివారం మీ ఇంట్లోనూ బిల్లులన్నీ బల్లమీద పెట్టి, అందర్నీ పిలిచి కూర్చోబెట్టండి. ఎవరి అడుగు ఎంతో వాళ్ల చేతే కొలిపించండి.