పదకొండో వచనానికి ముందు పది ఉన్నాయి

ప్లేస్‌మెంట్ సీజన్ మొదలైందంటే మన కాలేజీలో రెండు విషయాలు గ్యారంటీగా కనిపిస్తాయి. ఒకటి, ఇస్త్రీ చేసిన లేత నీలం ఫార్మల్ షర్టులు. రెండోది, క్రిస్టియన్ ఫ్రెండ్స్ వాట్సాప్ స్టేటస్‌లలో యిర్మీయా 29:11. దేవుడికి మన గురించి మంచి ఉద్దేశాలే ఉన్నాయి, భవిష్యత్తు మీద ఆశ వదులుకోవద్దు అని చెప్పే వచనం అది. వెనకాల సూర్యోదయం బొమ్మ, కింద చిన్న అక్షరాల్లో రెఫరెన్స్. నేనూ చర్చికి వెళ్లే ఇంట్లోంచే వచ్చాను కాబట్టి ఇది వెక్కిరింపు కాదు. నా మాట ఒక్కటే: పదకొండో వచనానికి ముందు పది వచనాలున్నాయి. అవి చదివితే ఆ స్టేటస్ అర్థం మారిపోతుంది.

అసలు అది ఒక ఉత్తరంలోని మాట. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము మీద పడి అక్కడి రాజునీ, అధికారుల్నీ, చేతిపని వచ్చినవాళ్లనీ చెరపట్టి తీసుకెళ్లాడు. ఊరు కాని ఊరు, భాష కాని భాష. వాళ్లందరి మనసులో ఒకటే ప్రశ్న: ఇంటికి ఎప్పుడు వెళ్తాం? యెరూషలేములోనే ఉండిపోయిన యిర్మీయా ప్రవక్త వాళ్లకి రాసిన జవాబే 29వ అధ్యాయం.

ఆ జవాబు ఏంటో తెలుసా? డెబ్బై ఏళ్లు. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో దాదాపు ఎవరూ తిరిగి వెళ్లరు. అప్పటిదాకా ఏం చెయ్యాలి? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, వాటి పండ్లు తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లల్ని కనండి. మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం బాగు కోరండి, దానికోసం ప్రార్థన చెయ్యండి, అది బాగుంటేనే మీరూ బాగుంటారు. ఇదంతా చెప్పాకే మన స్టేటస్ వచనం వస్తుంది.

ఇంకొక్క అధ్యాయం వెనక్కి వెళ్తే కథ ఇంకా ఇంట్రెస్టింగ్‌గా ఉంటుంది. 28లో హనన్యా అనే ఇంకో ప్రవక్త ఉన్నాడు. రెండేళ్లలో అందరూ తిరిగి వచ్చేస్తారని గుళ్లో జనం ముందే ప్రకటించాడు. యిర్మీయా మెడ మీదున్న కాడిని తీసి విరగ్గొట్టాడు కూడా. వినడానికి ఎంత బాగుంటుంది! రెండేళ్లా, డెబ్బై ఏళ్లా అని పోల్ పెడితే ఎవరు గెలుస్తారో చెప్పక్కర్లేదు. కానీ ఆ కథలో అబద్ధం చెప్పినవాడు హనన్యానే. అంటే మనం సూర్యోదయం బొమ్మ మీద పెట్టే మాట, నిజానికి తొందరగా అయిపోతుందని చెప్పేవాళ్లని నమ్మొద్దని హెచ్చరించే ఉత్తరంలోది. మనం మాత్రం యిర్మీయా వచనాన్ని హనన్యా అర్థంతో షేర్ చేస్తున్నాం. ఈ డ్రైవ్‌లో వచ్చేస్తుంది, ఈ నెలలో అయిపోతుంది, డౌట్ లేదు!

దీనివల్ల నష్టమేంటి అని అడగొచ్చు. నష్టం ఉంది. వచనం స్టేటస్ పెట్టి, మూడు కంపెనీల్లో రిజెక్ట్ అయిన అమ్మాయి ఏమనుకోవాలి? తనకు విశ్వాసం తక్కువనా? లేకపోతే దేవుడు మాట తప్పాడనా? ఆ మాట ఎవరితో, ఎప్పుడు, ఎందుకు చెప్పారో తెలిసినవాళ్లకి ఈ రెండు ప్రశ్నలూ అంతగా గుచ్చుకోవు. ఆ ఉత్తరం అందుకున్నవాళ్లు కూడా కోరుకున్నది కోరుకున్నప్పుడు దొరకనివాళ్లే. వాళ్లు వదిలేసినవాళ్లు కారని చెప్పడానికే ఆ ఉత్తరం వచ్చింది.

ఇక్కడ భాష గురించి ఒక మాట. నాలాగా ఇంగ్లీష్ మీడియంలో చదివినవాళ్లు ఫోన్‌లో ఇంగ్లీష్ బైబిలే చదువుతారు. బాగా వాడుకలో ఉన్న ఒక ఇంగ్లీష్ అనువాదంలో ఈ వచనంలో 'ప్రాస్పర్' అనే మాట ఉంటుంది. ప్రాస్పర్ అనగానే మన బుర్రలోకి ప్యాకేజీ వస్తుంది, ఎన్ని లక్షలు అని. మన ఇళ్లలో ఉండే పాత తెలుగు బైబిల్లో అదే చోట 'సమాధానకరమైన' అని ఉంటుంది. బైబిల్ తెలుగులో సమాధానం అంటే క్వశ్చన్ పేపర్‌కి రాసే ఆన్సర్ కాదు, శాంతి. మూలంలో ఉన్న హీబ్రూ మాట 'షాలోమ్'. పట్టణం బాగు కోరమన్న ఏడో వచనంలో ఉన్నదీ ఆ మాటే, అక్కడ మూడుసార్లు వస్తుంది. తెలుగులో ఏడులో 'క్షేమము', పదకొండులో 'సమాధానము' అని వేరు మాటలు పడటంతో ఆ లింక్ మనకి కనిపించదు. లింక్ కనిపిస్తే విషయం సింపుల్. దేవుడు వాళ్లకి ఇస్తానన్న షాలోమ్, వాళ్లు ఆ ఊరికి కోరాల్సిన షాలోమ్ ఒకటే. ఊరిని వదిలేసి నా ఒక్కడికి ఇయ్యి అంటే కుదరదు.

మరి మన ఊరేది? చాలామందికి వరంగల్ ఊరు కాదు, నాలుగేళ్ల వెయిటింగ్ హాల్. కాజీపేట జంక్షన్‌లో బండి కోసం కూర్చున్నట్టు కూర్చుంటాం. ఆఫర్ లెటర్ అనే బండి రాగానే హైదరాబాద్, బెంగళూరు. 2023 జులై చివర్లో వానలకి వరంగల్, హనుమకొండలో ఎన్నో కాలనీలు మునిగాయి, నయీంనగర్ నాలా పొంగింది. ఆ చుట్టుపక్కల అద్దె గదుల్లో, హాస్టళ్లలో మనలాంటి స్టూడెంట్సే ఎక్కువ. అలాంటప్పుడు సామాన్లు సర్దుకుని ఇంటికి వెళ్లిపోవడం ఒక పద్ధతి. పక్కింటి ముసలాయన బియ్యం బస్తా మేడ మీదికి ఎక్కించడం ఇంకో పద్ధతి. యిర్మీయా ఉత్తరం రెండో పద్ధతి నేర్పుతుంది. చిన్న విషయాల్లోనూ అంతే. మెస్‌లో ప్లేట్లు కడిగే అక్క పేరు తెలుసుకోవడం, ప్రాక్సీ పెట్టమంటే పెట్టకపోవడం, బ్యాక్‌లాగ్ ఉన్న జూనియర్ దగ్గర గంటసేపు కూర్చోవడం. తోట నాటడమంటే మనకి ఇదే.

ఒక్క వచనం తీసుకుని పట్టుకోవడం యాప్‌లు వచ్చాక మొదలైన అలవాటు కాదు. మన తెలుగు చర్చిల్లో డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డు తీసుకోవడం ఎప్పట్నుంచో ఉంది. ఆ కార్డు ఏడాదంతా గోడ మీదో బీరువా తలుపు మీదో ఉంటుంది. చదువు రాని మా నాయనమ్మ తరం వాళ్లు అలాంటి ఒక్క మాట పట్టుకుని జీవితాలు ఈదారు. నేను దాన్ని తక్కువ చెయ్యను. కానీ వాళ్లకి చదివే అవకాశం లేదు, ఉన్న ఒక్క మాటనే వందసార్లు తలుచుకున్నారు. మనకి పుస్తకం మొత్తం జేబులో ఉంది, మనం నోటిఫికేషన్ చూసి స్వైప్ చేస్తున్నాం. రెండూ ఒకటి కావు.

ఇంకో సంగతి, ఈ నంబర్లు రాసినవాళ్లు వేసినవి కావు. ఇప్పుడున్న అధ్యాయాల విభజన 13వ శతాబ్దం నాటిది. కొత్త నిబంధనకి ఇప్పుడు మనం వాడే వచనాల నంబర్లు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు వేసినవి. వెతుక్కోవడానికి అవి చాలా ఉపయోగం, మన కోడ్‌లో లైన్ నంబర్లలాగా. కానీ 11వ లైన్ ఒక్కటే కాపీ చేసి రన్ చేస్తే ప్రోగ్రామ్ పనిచెయ్యదని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

అందుకే నా ప్రపోజల్ చిన్నది: రోజుకి ఒక అధ్యాయం. ప్రొటెస్టెంట్ బైబిల్లో 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు. రోజుకొకటి చొప్పున మూడేళ్ల మూడు నెలలు పడుతుంది. బీటెక్ నాలుగేళ్లలో అయిపోయి, ఎగ్జామ్స్‌కీ జ్వరాలకీ తొమ్మిది నెలలు మిగుల్తాయి. కేథలిక్ ఫ్రెండ్స్‌కి 73 పుస్తకాలు కాబట్టి కాస్త ఎక్కువ, అయినా నాలుగేళ్లు చాలు. వీలైతే తెలుగులో, పైకి చదవండి. ఆ గ్రాంథికం మనకి స్పీడ్ బ్రేకర్‌లా తగులుతుంది, తగలనివ్వండి. ఇంగ్లీష్‌లో కళ్లు జారిపోయే చోట తెలుగులో ఆగి అర్థం వెతుక్కోవాల్సి వస్తుంది.

కొన్ని వారాలు బోర్ కొడుతుంది, అది దాచను. లేవీయకాండంలో బలుల వివరాలు అయ్యేసరికి నిద్రొస్తుంది. కానీ అదే పుస్తకం 19వ అధ్యాయంలో కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని, కోతలప్పుడు పొలం అంచులు పేదవాళ్లకి వదలమని, తూకం సరిగ్గా వెయ్యమని ఉంటుంది. ఇవి నేను ఏ స్టేటస్‌లోనూ చూడలేదు. మనకి నచ్చినవి మనమే ఏరుకుంటే మనకి కావాల్సిందే మనకి వినిపిస్తుంది. వరసగా చదివితే మనం అడగని విషయాలు కూడా ఎదురవుతాయి. ఇది బైబిల్‌కే కాదు, గీత చదివేవాళ్లకైనా ఖురాన్ చదివేవాళ్లకైనా వర్తిస్తుందనుకుంటా.

ఈ సీజన్‌లో కూడా 29:11 స్టేటస్‌లు వస్తాయి, రానివ్వండి. పెట్టే ముందు మాత్రం మొదటి వచనం నుంచి పద్నాలుగు దాకా ఒకసారి చదవండి. మూడు నాలుగు నిమిషాల పని. చదివాక కూడా అదే పెట్టాలనిపిస్తే పెట్టండి, పక్కన ఏడో వచనం కూడా కలిపి.